మిషన్ సేవకు పిలుపు వచ్చిందని ఎలా తెలుస్తుంది? చెప్పులు కుట్టినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సింగ్ పూర్తి చేసి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేస్తున్నారు. చర్చివారి ఉజ్జీవ కూటాల (విశ్వాసాన్ని రగిలించే ప్రార్థన సభల) చివరి రాత్రి, సేవకు సమర్పించుకునేవారు లేచి నిలబడమంటే మీరు లేచారు. ఇప్పుడు ఉద్యోగం మానేయాలా, చదువు అప్పు తీరేదాకా ఎక్కడికీ వెళ్లవద్దంటున్న నాన్నగారి మాట వినాలా, అసలు ఆ రాత్రి వచ్చింది దేవుని పిలుపేనా అని అడిగారు.

నేనూ అలా లేచినవాడినే. 2001లో, ఇరవై మూడేళ్ల వయసులో. బి.కాం. చదివి తిరుపతిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడిని. లేచిన వారానికే పని మానేశాను. మా చర్చి సంఘంలో నా చేత సాక్ష్యం చెప్పించారు, అంటే దేవుడు నన్ను ఎలా పిలిచాడో అందరి ముందూ చెప్పించారు. అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మ మాత్రం ఆ రోజు చర్చికి రాలేదు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఇంకా సగం ఉంది మరి.

పాస్టరుగారి ఉత్తరం పట్టుకుని పలమనేరు వైపు ఉన్న ఒక మిషన్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ ఉత్తరం చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, “నీకు ఏ పని వచ్చు?” అని అడిగారు.

“బైబిలు వాక్యం చెప్పగలనండి.”

“అది సరే. పని?”

నా దగ్గర జవాబు లేదు. లెక్కలు రాయగలనని చెప్పడానికి కూడా తోచలేదు, అప్పటికి అది సేవలా అనిపించలేదు కాబట్టి. ఆమె నన్ను చెప్పుల షెడ్డుకు పంపారు.

ఆ షెడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కుష్ఠుకు మందు ఉంది. బహుళ ఔషధ చికిత్స అంటారు. రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే క్రిమి చస్తుంది. మందు మొదలుపెట్టాక ఆ మనిషి నుంచి ఇతరులకు అంటుతుందన్న భయం ఉండదు. కానీ అప్పటికే చచ్చిపోయిన నరం మందుతో తిరిగి రాదు. పాదానికి స్పర్శ ఉండదు. చెప్పులో రాయి చేరినా తెలియదు, మేకు దిగినా తెలియదు. పుండు పడి, చీము పట్టి, ఎముక దాకా పోయాక వాసన వచ్చి ఇంట్లోవాళ్లు గమనిస్తారు. అందుకే వాళ్ల చెప్పులకు మెత్తని మైక్రో సెల్యులర్ రబ్బరు అడుగు వేస్తాం. మేకు ఒక్కటి కూడా కొట్టం, అంటించి కుట్టడమే. మడమ వెనక పట్టీ తప్పనిసరి, లేకపోతే చెప్పు జారిపోయినా వాళ్లకు తెలియదు.

నాకు పని నేర్పిన మేస్త్రి కూడా ఒకప్పటి రోగే. రెండు చేతుల్లోనూ వేళ్లు వంకరపోయినా, పాదం కొలత కాగితం మీద గీసి ఇస్తే గంటలో అడుగు కోసి పెట్టేవాడు. నేను కోసిన మొదటి ఆరు జతలు పక్కన పడేశాడు. బి.కాం. చదివి చెప్పులు కుట్టడమేమిటని మా బంధువులు ఏమన్నారో రాయను, ఎందుకు అన్నారో మన ఊళ్లలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. సువార్తకు చప్పట్లు కొట్టిన సంఘంలో కూడా కొందరికి ఆ చెప్పుల మాట మింగుడు పడలేదు.

రెండో నెలలో ఒక అమ్మ వచ్చింది. సంగటి కుండ పొయ్యి మీద నుంచి వట్టి చేతులతో దించింది. అరచేతుల నిండా బొబ్బలు. నేను ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేయనా అని అడిగాను. “తర్వాత చేద్దువులే నాయనా, ముందు ఈ కట్టు తడిసింది చూడు” అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగానే కట్టు తడిసింది. నాకు కట్టు మార్చడం రాదు. నర్సును పిలవడానికి పరుగెత్తాను.

మీ ప్రశ్న చదవగానే నాకు ఆ పరుగే గుర్తొచ్చింది. ఆ రోజు నేను పిలవడానికి వెళ్లిన మనిషి మీరు.

చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు ఆసుపత్రి ఎలా పుట్టిందో మీ నర్సింగ్ కాలేజీలో చెప్పే ఉంటారు. ఐడా స్కడర్ మిషనరీల ఇంటి బిడ్డే అయినా మిషనరీ కావడం ఇష్టం లేని అమ్మాయి. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, ప్రసవ వేదన పడుతున్న తమ భార్యలకు సాయం కావాలని వచ్చారు. డాక్టరైన తండ్రి వస్తారంటే, మగ డాక్టరు వద్దన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ పిలుపుకు ఆమె చేసిన మొదటి పని అమెరికా వెళ్లి వైద్యం చదవడం. 1899లో డిగ్రీ తీసుకుని, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం సంగతి కూడా అంతే. 1915లో అక్కడ క్షయ ఆసుపత్రి తెరిచేనాటికి క్షయను నయం చేసే మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, వేళకు తిండి, వీటినే వైద్యంగా రోజూ చేశారు. సాక్ష్యంలో చెప్పుకోవడానికి ఏముంటుంది అందులో?

విశ్వాసం సంగతికి వస్తే ఒక ముచ్చట. మా దగ్గరికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది హిందువులు. ఒక పెద్దాయనకు ఏడాది పాటు మానని పుండు మానింది. అలిపిరి మెట్ల మీదుగా తిరుమల నడిచి వస్తానని ఎప్పుడో మొక్కుకున్నాడట. మూడు వేల అయిదు వందలకు పైగా మెట్లు, అదీ వట్టి కాళ్లతో! చెప్పులతో వెళ్లు తాతా అంటే, “దేవుడి దగ్గరికి చెప్పులతోనా?” అని నా మీద కోప్పడ్డాడు. నాలుగు రోజులు వాదించుకున్నాం. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. కాళ్ల మొక్కును తల మొక్కుగా మార్చుకుని, బస్సులో వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తానన్నాడు. క్యూలో వేసుకోవడానికి రెండు జతల మందపాటి నూలు మేజోళ్లు కొనిచ్చాను.

ఈ సంగతి తెలిసి సంఘంలో ఒకాయన “మిషన్ పనికి పంపితే మనుషులను తిరుమలకు పంపుతున్నావా?” అన్నాడు. నా లెక్క వేరు. మన చేతిలో కట్టు ఉన్నప్పుడు, మంచం మీది మనిషి మన మాటకు కాదనలేడు. కాదనలేని మనిషికి మతం చెప్పడం నాకు న్యాయం అనిపించలేదు. తమంతట తాము అడిగినవారికి చెప్పాను, అడిగారు కూడా కొందరు. పెద్దాయన తిరిగి వచ్చి, లడ్డు ఇవ్వడానికి ముందు తన పాదాలు రెండూ నా ముక్కాలి పీట మీద పెట్టాడు. తడిమి చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. లడ్డు తిన్నానా లేదా అని కింద వ్యాఖ్యల్లో అడగవద్దు.

ఇక అప్పు మాట. నాన్నగారు దేవునికి అడ్డు వస్తున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పు ఆయన పేరున ఉంది, వడ్డీ ఆయన నిద్రలో పెరుగుతుంది. నేను ఆ లెక్క చూడకుండా వెళ్లి, రెండేళ్లు అక్క అత్తింటి ముందు తల ఎత్తలేకపోయాను. జీతం తక్కువైనా నెలనెలా ఇచ్చే మిషన్ ఆసుపత్రులు ఉన్నాయి. చేరకముందే జీతం ఎంత, ఎవరికి జవాబు చెప్పాలి, లెక్కలు ఎవరు చూస్తారు అని అడగండి. విసుక్కుంటే వెనక్కి వచ్చేయండి. ఒకసారి ఒక సంస్థవారు మా వార్డుకు వచ్చి, విరాళాల ఉత్తరంలో వేయడానికి పుండ్ల ఫొటోలు కావాలన్నారు. ముఖాలు కూడా కనిపించాలట. మేస్త్రి తన చేతులు లుంగీలో దాచుకోవడం చూశాను. డాక్టరమ్మ వాళ్లను గేటు దాకా సాగనంపి వచ్చారు.

కాబట్టి ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి. రెండు వారాల సెలవు పెట్టి, ఏదైనా ఒక మిషన్ ఆసుపత్రికి ముందుగా రాసి వెళ్లండి. వేదిక మీద పాట పాడమంటే తర్వాత పాడతానని చెప్పి, పుండ్ల వార్డులో రాత్రి డ్యూటీ అడగండి. అక్కడ పొద్దున్నే పాదాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని రాయితో రుద్ది, నూనె రాస్తారు. పదిహేను రోజులూ అదే పని, అవే పాదాలు. పదహారో రోజున బస్సు ఎక్కేటప్పుడు ఆ పాదాల్లో ఎవరి పుండు ఎంత మానిందో మీకు గుర్తుంటే, ఇంటికి వెళ్లి నాన్నగారితో అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో కాగితం మీద లెక్క వేయించండి. ఆ లెక్క కుదరకపోతే నాకు రాయండి, ఆ పని మాత్రం నాకు మొదటి నుంచీ వచ్చు.