అడవినాభి వేస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు మేడ మీద కుండీలో అడవినాభి వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొనుక్కునే పూలమొక్కలు అన్ని ఉండగా, వానాకాలంలో మన కంచెల మీదా పొదల మీదా పాకే తీగను ఎంచుకున్నావని పొంగిపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ కొడుకు బుజ్జిగాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు కదా.

ముందు మొక్క సంగతి. దుంప కోసం అడవిలో తవ్వకు, ఎవరిచేతా తవ్వించకు. మందుల కోసం తవ్వి తవ్వి చాలాచోట్ల అది కనబడకుండా పోతోంది. తమిళనాడులో రైతులు గింజల కోసం పొలాల్లోనే వేస్తారు. అలా పెంచిన దుంపే అడిగి తెచ్చుకో. గింజ నుంచైతే పువ్వు చూడడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది.

దుంప నాగలిలా వంగి ఉంటుంది, అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు. మొలక వచ్చేది కొమ్ము చివరనే. ఆ చివర విరిగిందా, ఇక మొలవదు. ఎర్రమట్టి, ఇసుక, కాస్త కంపోస్టు కలిపి, రెండు మూడు అంగుళాల లోతులో అడ్డంగా పడుకోబెట్టు. నీళ్ళు నిలవకూడదు. తీగ ఆకు కొసతో పట్టుకుని ఎక్కుతుంది, కాబట్టి లావు కర్ర దానికి అందదు. సన్నటి పుల్లలో, దారాలో కట్టు. నల్లటి ఒంటి మీద తెలుపు, నారింజ చుక్కలున్న పురుగు కనిపిస్తే చేతికి తొడుగు వేసుకుని ఏరెయ్యి. రెండు రోజుల్లో ఆకులన్నీ తినేస్తుంది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట.

నీకు రెండున్నరేళ్ళప్పుడు మా పెరట్లో ఈ తీగ ఉండేది. శ్రావణంలో విరగబూసింది. కార్తీకం దాటేసరికి ఆకులు పసుపెక్కి, కాడ ఎండి రాలిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను. వేసవిదాకా అది మట్టిలో నిద్రపోతుందనీ, నీళ్ళు ఆపేసి వదిలేస్తే తొలకరికి తనే లేస్తుందనీ నాకు తెలియదు. గునపంతో తవ్వాను. దుంపలు గట్టిగా, నిగనిగలాడుతూ బయటపడ్డాయి. బతికే ఉందని ఎంత సంబరమో! శుభ్రంగా కడిగి, బుట్టలో ఆరబెట్టాను. ఆ బుట్టను తీసుకెళ్ళి వంటింటి గడపలో, చిలగడదుంపల బుట్ట పక్కనే పెట్టాను. ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

మధ్యాహ్నం లేచి చూస్తే నువ్వు గడపలో కూర్చుని ఉన్నావు. చేతిలో నాగలి దుంప, దాని మీద నీ పంటి గాటు. నీ నోట్లో వేలు పెట్టి తుడిచాను, నువ్వు గుక్కపట్టి ఏడ్చావు. మింగావో లేదో చెప్పే వయసు కాదు. మీ అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది; ఇంకో రెండు దుంపలు అప్పటికే ఆమె పళ్ళెంలో, చిలగడదుంపలతో పాటు.

ఆ తీగలో వేరు నుంచి గింజ దాకా విషమే. అందులోని కోల్చిసిన్‌ను కీళ్ళు వాచే గౌట్ జబ్బుకి డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. లోపలికి వెళ్ళిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటలు మనిషి మామూలుగానే ఉంటాడు, ఆ తర్వాతే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. దుంప పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాం. నువ్వు ఆడుకుంటున్నావు, నవ్వుతున్నావు, నాకేమో ఆ నవ్వు చూస్తే కాళ్ళు వణికాయి. రాత్రంతా నీ మంచం పక్కనే నిలబడ్డాను. తెల్లవారి పాలు అడిగావు. నువ్వు మింగలేదు తల్లీ. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి దుంపలన్నీ లోతుగా పాతిపెట్టేశాను, మళ్ళీ ఆ మొక్క వెయ్యలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. కుండీ వాడికి అందని ఎత్తులో ఉండాలి, మేడ తలుపుకి గడియ ఉండాలి. ఎర్ర పెయింటుతో 'విషం' అని కుండీ మీదే రాయి. పనిమనిషికీ, మీ అత్తగారికీ చూపించి చెప్పు. పూలు వాడగానే తుంచెయ్యి, కాయ కట్టనివ్వకు. లోపలి ఎర్రటి గింజలు చూస్తే ఏ పిల్లాడికైనా నోరూరుతుంది. ఆకులు ఎండాక తవ్వనే తవ్వకు, కుండీని అలాగే వాన తగలని మూలకి జరిపెయ్యి. ఎప్పుడైనా వాడు నోట్లో పెట్టుకున్నాడని అనుమానం వస్తే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకు, మొక్క ముక్క పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిపో.

ఇవన్నీ చేస్తే వెయ్యి తల్లీ, తప్పకుండా వెయ్యి. ఆ పువ్వు పసుపుపచ్చగా విచ్చి, రేకులు ఆరూ పైకి మడుచుకుని, రోజు రోజుకీ ఎరుపెక్కుతూ మంటలా నిలబడుతుంది. నేను చూసి ముప్ఫై ఏళ్ళయింది. మొగ్గ తొడిగిందని తెలియగానే బయల్దేరతాను. నువ్వు మేడ మీద పువ్వు చూసుకుంటుంటే, కింద బుజ్జిగాణ్ణి నేను ఎత్తుకుని ఉంటాను. తర్వాత వంతు మార్చుకుందాం.

మీ పెద్దమ్మ