శిల్పం నేర్చుకోవడానికి అమెరికా వస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,
అత్త ఆశీస్సులు.

మీ నాన్న ఫోను పెట్టేశాక చాలాసేపటి వరకు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మిషిగన్‌లో శిల్పకళలో ఎం.ఎఫ్.ఏ., అదే మాస్టర్స్ డిగ్రీ, సీటు వచ్చిందట, ఆగస్టులోనే ప్రయాణమట! ఆళ్లగడ్డలో మన ఇంట్లో ఆడపిల్ల ఉలి ముట్టుకుంటే పెద్దవాళ్లు మందలించే రోజుల్లో పెరిగినదాన్ని నేను. మీ తాతయ్య చివరికి నా చేతికి ఉలి ఇచ్చింది కూడా పనిలో సాయానికి మగపిల్లలెవరూ నిలవలేదనే. ఆ ఇంటి పిల్ల తను చేసిన బొమ్మల ఫోటోలు పంపించి, తన మాటలతోనే వాళ్లను ఒప్పించి సీటు తెచ్చుకుందంటే నాకెంత గర్వంగా ఉందో రాయలేను. భయమూ అంతే ఉంది. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావే గాని చెవిన పెట్టవు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. చలి బట్టలు అక్కడ కొనకు, ఇక్కడి చలికి అవి ఆనవు. ఉలులు, సుత్తె విమానంలో చేతిసంచిలో పెట్టకు, తనిఖీలో తీసేసుకుంటారు. పెద్ద పెట్టెలో పెట్టు. బయల్దేరే లోపల కారు నడపడం నేర్చుకో. శిల్పికి బండి లేకపోతే ప్లాస్టర్ బస్తా కూడా ఇంటికి చేరదు.

ఇక డబ్బు. మన స్థలం కుదువపెట్టి బ్యాంకులో అప్పు తీస్తానని మీ నాన్న అంటున్నాడు. నాకిది బొత్తిగా నచ్చలేదు. ఎం.ఎఫ్.ఏ. సీట్లు ఇక్కడ రెండు రకాలు. ఫీజు మాఫీ చేసి, కింది తరగతుల పిల్లలకు పాఠం చెప్పే పని ఇచ్చి, నెలనెలా జీతం ఇచ్చేవి కొన్ని. మొత్తం నీ చేతే కట్టించుకునేవి కొన్ని. సాఫ్ట్‌వేర్ చదివిన పిల్లలు ఆ అప్పు తీర్చగలరు. శిల్పం చదివిన పిల్ల తీర్చలేదు, నా మాట నమ్ము. అప్పు మెడ మీద ఉంటే ఎవరు ఏ బొమ్మ చేయమంటే అది చేస్తావు, నీ పని మూలన పడుతుంది. నీది రెండో రకం సీటైతే ఈ ఏడాది ఆగు, మళ్లీ నాలుగైదు చోట్లకు దరఖాస్తు పెట్టు. ఏడాది ఆగితే కొంపలేమీ మునగవు.

వీసా సంగతి ఇప్పుడే తెలుసుకుని రా. చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు ఇస్తారు. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు దాని మీద మరో 24 నెలలు దొరుకుతాయి. మనకు అవి లేవు. ఆ 12 నెలల్లోనూ మొత్తం కలిపి 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత కళాకారులకు మిగిలే దారి ఎక్కువగా ఓ-1 వీసాయే. దానికి నీ అంతట నువ్వు దరఖాస్తు పెట్టుకోలేవు, ఇక్కడి సంస్థో ఏజెంటో నీ తరఫున పెట్టాలి. నీ పనికి పేరుందని కాగితాలతో రుజువు చేయాలి: ప్రదర్శనలు, పత్రికల్లో వచ్చిన రాతలు, బహుమతులు, పెద్దవాళ్లు రాసిచ్చే లేఖలు. చదువు అయ్యాక వెతుక్కుంటే అవి దొరకవు. మొదటి నెల నుంచే ప్రతి ఆహ్వానపత్రం, ప్రతి కేటలాగు, నీ పేరు అచ్చయిన ప్రతి ముక్కా దాచు. తిండిలో పొదుపు చేసినా సరే, శిల్పం ఫోటోలు మాత్రం మంచి ఫోటోగ్రాఫర్ చేత తీయించు. బొమ్మ అమ్ముడుపోయాక నీ దగ్గర మిగిలేది ఆ ఫోటోయే.

కూడు పెట్టే పని ఒకటి చేతిలో ఉండాలి. నాకు అది కంచు పోత. న్యూజెర్సీలో ఒక ఫౌండ్రీలో, అంటే లోహం పోతపోసే కార్ఖానాలో, మైనం గదిలో కుదిరాను. అచ్చులోంచి తీసిన మైనపు నమూనా మీద అతుకు గీతలు మిగులుతాయి. వేడిచేసిన సన్నటి కత్తితో వాటిని కరిగించి, కింద ఉన్న శిల్పి వేలిముద్ర చెరిగిపోకుండా సాఫు చేయాలి. ఆ తర్వాత మైనం మీద పింగాణీ పొరలు వేసి, మైనం కరిగించి బయటికి తీసేసి, సుమారు 1,100 డిగ్రీల వేడిలో ఉన్న కంచు పోస్తారు. ఊళ్లో రాయి తప్ప ఏమీ ఎరగని నాకు ఆ గది రెండో బడి. పేరున్నవాళ్ల బొమ్మలు నా చేతుల మీదుగా వెళ్లేవి; ఎవరు ఎక్కడ తడబడ్డారో మైనం మీద స్పష్టంగా కనిపించేది. నువ్వు కూడా అచ్చులు తీయడం, వెల్డింగు, ఈ రెండూ మీ కాలేజీలో ఉన్నప్పుడే క్షుణ్ణంగా నేర్చుకో.

అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతున్నాను. ఇది రెండుసార్లు చదువు.

ఆ మైనం గదిలో నా పక్క బల్ల మీద కొరియా నుంచి వచ్చిన అమ్మాయి పని చేసేది. నాకంటే చిన్నది. ఆమె చేతుల్లాంటి చేతులు నేను మళ్లీ చూడలేదు. మొట్టమొదటి సొంత ప్రదర్శనకు పిలుపు వచ్చింది, గడువు దగ్గరలో ఉంది. కంచుకి డబ్బు లేదు కనుక పాలీయురేథేన్ ఫోమ్ ఎంచుకుంది. రెండు డబ్బాల్లోని ద్రవాలు కలిపితే చూస్తుండగానే పొంగి గట్టిపడుతుంది. చవక, తేలిక, ఒంటరి మనిషి మెట్ల మీద మోసుకుపోవచ్చు. పగలంతా ఫౌండ్రీలో పని, రాత్రి అద్దెకు తీసుకున్న గ్యారేజీలో సొంత పని. జనవరి నెల. లోపలి వెచ్చదనం పోకూడదని తలుపు సందులన్నీ టేపు వేసి మూసేసింది. ముక్కుకు కాగితపు మాస్కు కట్టుకుంది. జాగ్రత్తగానే ఉన్నాననుకుంది, పాపం.

ఆ మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆ ద్రవాల్లో ఒకదానిలో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి వాసన కూడా సరిగా తెలియదు, తెలిసేసరికే మోతాదు దాటిపోతుంది. ఆమెకు రాత్రిళ్లు దగ్గు మొదలైంది. చలికాలం దగ్గేలే అనుకుంది, నేను మిరియాల పాలు కాచి ఫ్లాస్కులో తీసుకెళ్లేదాన్ని. ఒక రాత్రి ఫోను చేసింది. ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోతోంది, నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీలుస్తోంది. మంచులో కారు తీసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు మందు ఇవ్వకముందే అడిగిన ప్రశ్న, ఏం పని చేస్తుంటావని.

ప్రాణం దక్కింది. కానీ ఒకసారి ఒంటికి పడకుండా పోయాక, ఆ ఆవిరి ఎంత కొంచెం తగిలినా మళ్లీ ఊపిరి బిగుసుకుంటుంది. ఫౌండ్రీలో అచ్చులు తీసే గదిలో యురేథేన్ రబ్బరు వాడేవాళ్లు. ఆ గది ముందు నుంచి నడిచినా ఆమెకు ఆయాసం వచ్చేది. ప్రదర్శన పోయింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. తర్వాత కాగితం మీద బొమ్మలు గీసేది. మంచి బొమ్మలే, కానీ కాగితం మీద గీస్తూ కూడా ఆ వేళ్లు, అక్కడ లేని మట్టిని నొక్కుతున్నట్టు కదిలేవి. నేను చూడలేకపోయేదాన్ని.

నేను ఇంత భయపడడానికి ఇంకో కారణమూ ఉంది. మీ తాతయ్య దగ్గు నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు చంటిపిల్లవి. క్షయ అన్నారు, క్షయ మందులే మింగించారు. అది రాతిదుమ్ములోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ అని తెలిసేసరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. దానికి నయం చేసే మందు లేదు. చివరి రోజుల్లో అరుగు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, ఒక్కో గుక్కా లెక్కపెట్టుకున్నట్టు పీల్చేవారు. ఎన్ని గుళ్లకు విగ్రహాలు ఇచ్చిన మనిషి!

అందుకే అంటున్నాను. రాయి పొడిగా కోయకు, నీళ్లు పోస్తూ కొయ్యి. పనిగది చీపురుతో ఊడవకు, తడిగుడ్డతో తుడు. పని బట్టలతో ఇంటికి రాకు. ఇక్కడ వంటింటి గట్లకు వేసే క్వార్ట్జ్ పలకల ముక్కలు దుకాణాల వెనుక ఊరికే పడి ఉంటాయి, విద్యార్థులు సంబరంగా ఏరి తెచ్చుకుంటారు. నువ్వు వాటి జోలికే పోకు. గ్రానైట్ కంటే వాటిలో సిలికా చాలా ఎక్కువ. వాటిని కోసే కార్మికులు చిన్న వయసులోనే జబ్బు పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులైలో ఆ పలకలనే నిషేధించింది. రెజిన్, ఫోమ్ పని కాలేజీలో గాలి బయటికి లాగే గదిలోనే చెయ్యి. అద్దె ఇంట్లో వద్దు, గ్యారేజీలో వద్దు, గడువు రేపే అయినా వద్దు. నికీ ద సాంఫాల్ అనే శిల్పి ఎంతో పేరున్న మనిషి. ఫ్రాన్సులో పుట్టింది. శిల్పాలకు వాడిన పాలియెస్టర్ రెజిన్ ధూళి, పొగలతో ఊపిరితిత్తులు పాడై, మంచి గాలి కోసం 1994లో కాలిఫోర్నియాకు వచ్చేసింది. 2002లో అక్కడే పోయింది.

బరువు కూడా అంతే ప్రమాదం. మార్క్ డి సువెరో అని ఒక శిల్పి, షాంఘైలో ఇటలీ తల్లిదండ్రులకు పుట్టి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చినవాడు. 1960లో లిఫ్టు ప్రమాదంలో నడుము నలిగిపోయింది. చక్రాల కుర్చీలో ఉండగానే వెల్డింగు నేర్చుకుని, ఉక్కు దూలాలతో అంతంత శిల్పాలు నిలబెట్టాడు. ఆ ధైర్యానికి దండం పెడతాను, కానీ నీకు ఆ పరీక్ష రాకూడదు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన లూయిస్ హిమెనెజ్, డెన్వర్ విమానాశ్రయానికి చేస్తున్న నీలి గుర్రంలో ఒక భాగం జారి కాలి మీద పడి 2006లో చనిపోయాడు. తన పనిగదిలో, తన బొమ్మ కిందే. ఎంత చిన్న బొమ్మయినా ఒంటరిగా ఎత్తకు, తల్లీ. పిలిస్తే సాయం వస్తారు, మొహమాటపడకు.

గ్యాలరీకి బొమ్మ ఇస్తే సంతకంతో రసీదు తీసుకో. బహిరంగ స్థలంలో శిల్పానికి ధర చెప్పేటప్పుడు పునాది, క్రేను, రవాణా, బీమా, ఇంజినీరు రుసుము అన్నీ కలిపాక చెప్పు. మనవాళ్ల సంఘాలు జ్ఞాపికలు ఉచితంగా చేసిపెట్టమంటాయి. ప్రేమగా అడుగుతారు, నువ్వూ ప్రేమగానే ధర చెప్పు.

తరగతిలో నీ పని చూసి, ఇందులో భారతదేశం ఎక్కడుంది అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం దేవతామూర్తి చేయకు. వాళ్లు ఏమనుకుంటారోనని ఆళ్లగడ్డను దాచనూ దాచకు. నీ చేతికి ఏది వస్తే అది రానీ.

పేరు ఆలస్యంగా వస్తే బెంగపడకు. లూయిస్ బూర్జ్వా అనే శిల్పి 1938లో పారిస్ నుంచి న్యూయార్క్ వచ్చింది. అక్కడి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె జీవితకాలపు పనిని ప్రదర్శనగా పెట్టింది 1982లో, ఆమెకు డెబ్బై ఏళ్లప్పుడు. కరాచీ నుంచి వచ్చిన హుమా భాభా, చనిపోయిన జంతువుల చర్మాలతో బొమ్మలు నిలబెట్టే ఆయన దగ్గర కూలికి పని చేసింది. 2018లో ఆమె శిల్పాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం మేడ మీద నిలబడ్డాయి. అంతకాలం పని చేయాలంటే ఒళ్లు ఉండాలి. నా గోల అంతా అందుకే.

వీసా దొరక్క తిరిగి వెళ్లాల్సి వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి గారు లండన్‌లో చదివి తిరిగి వచ్చి, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే ఆ పెద్ద పెద్ద స్త్రీల తలలు చేశారు. ప్రపంచమే వాటి దగ్గరికి వచ్చింది.

కాలేజీలో చేరిన మొదటి వారంలోనే రెస్పిరేటర్, అంటే ఫిల్టర్లు బిగించే మాస్కు, నీ ముఖానికి సరిగా అతుకుతుందో లేదో చూసే పరీక్ష ఎక్కడ చేస్తారో అడుగు. ముఖాన్ని బట్టి సైజు మారుతుంది, స్నేహితురాలిది అరువు తెచ్చుకోకు. ఆవిరికి వేరే ఫిల్టర్లు, దుమ్ముకు వేరే ఫిల్టర్లు. రెండూ నేనే కొని పంపిస్తాను, సైజు తెలిశాక ఫోను చెయ్యి. నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకు మా ఇంటికి రా. అప్పటికి ఏ బొమ్మ మొదలుపెట్టి ఉంటే దాని మట్టి నమూనా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అత్త