పాఠకుల ప్రశ్నలు: లెక్కలోకి రాని మ్యాచ్‌ల జ్ఞాపకాలు

ప్రశ్న: ఫ్లోరిడాలో మేం కొన్న పాత ఇంటి గరాజ్‌లో ఒక అట్టపెట్టె దొరికింది. వీరో బీచ్‌లో జరిగిన డాడ్జర్స్ బేస్‌బాల్ టీం స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు ప్రాక్టీసు) మ్యాచ్‌ల ప్రోగ్రాములు, టికెట్ ముక్కలు, సంతకాలున్న బంతి ఒకటి ఉన్నాయి. పక్కింటి పెద్దాయన వాటిని వదల్లేక వదల్లేక వెళ్లారు. గెలిచినా ఓడినా లెక్కలోకి రాని ప్రాక్టీసు మ్యాచ్‌లే కదా, ఎందుకండీ అంత మోజు?

జవాబు: లెక్కలోకి రావు కాబట్టేనండీ. సీజన్ మొదలయ్యాక అంతా రికార్డుల గొడవే. మార్చిలో మాత్రం ఆటగాళ్లకి తొందర ఉండదు, కంచె పక్కన నిలబడి పిల్లలకి సంతకాలు పెట్టేవాళ్లు. పైగా మీకు దొరికినవి మామూలు చోటివి కావు. నౌకాదళం వాడి వదిలేసిన విమాన స్థావరంలో 1948లో డాడ్జర్స్ మకాం పెట్టి, దాన్ని డాడ్జర్‌టౌన్ అనే చిన్న ఊరిలా మార్చుకున్నారు. వీధులకి తమ ఆటగాళ్ల పేర్లు, వీధి దీపాలకి బేస్‌బాల్ బంతుల్లాంటి గోళాలు! 1953లో తెరిచిన హోల్మన్ స్టేడియంలో డగౌట్‌కి, అంటే ఆటగాళ్లు కూర్చునే చోటికి, పైకప్పు ఉండేది కాదు, ఎంత పెద్ద స్టారైనా ప్రేక్షకుల ఎదుటే ఎండలో కూర్చోవాల్సిందే. 2008 తర్వాత టీం మార్చి నెల మకాం అరిజోనాకి మార్చేసింది. మీ పక్కింటాయన బాధ అదే అయి ఉంటుంది. అన్నట్టు, ప్రోగ్రాము మీద బ్రూక్లిన్ అని ఉంటే అది 1957దో అంతకుముందుదో, ఎందుకంటే 1958 నుంచి వాళ్లు లాస్ ఏంజెలెస్ టీం.

నన్నడిగితే అసలు మజా ఇంకో రకం వాటిలో ఉంది. సియాటిల్ పైలట్స్ అని ఒక టీం 1969లో ఒక్క సీజనే ఆడింది. 1970 మార్చిలో అరిజోనాలోని టెంపీలో మామూలుగానే ప్రాక్టీసు చేశారు, నెలాఖరుకి టీం దివాలా తీసింది, సీజన్ మొదలయ్యే వారానికి అదే టీం మిల్వాకీ బ్రూవర్స్ అయిపోయింది, ఉన్న జెర్సీల మీదే పేరు పీకి కొత్త పేరు కుట్టారు. ఆ ఏడాది టాప్స్ కంపెనీ అచ్చేసిన ఆటగాళ్ల బొమ్మల కార్డుల మీద మాత్రం సియాటిల్ అనే ఉంటుంది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని టీం కాగితాలవి! ప్రపంచ కప్పు టికెట్ కంటే నాకు అవే ముద్దు.

ప్రశ్న: బంతి ఎప్పటిదో, సంతకాలు నిజమైనవో కావో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఆ రోజుల్లో లీగ్ అధికారిక బంతి అయితే దాని మీద లీగ్ ప్రెసిడెంటు సంతకం అచ్చేసి ఉండేది. అమెరికాలోని రెండు పెద్ద లీగ్‌లలో డాడ్జర్స్ ఆడేది నేషనల్ లీగ్ కాబట్టి, ఫోర్డ్ ఫ్రిక్ పేరుంటే 1951 లోపుది, వారెన్ గైల్స్ అయితే 1951 నుంచి 1969 వరకు, ఆ తర్వాత చబ్ ఫీనీ. బంతులు చేసే స్పాల్డింగ్ కంపెనీ ముద్ర ఉంటే 1976కి ఇవతలిది కాదు.

దీన్నిబట్టి తెలిసేది బంతి వయసే, సంతకం సంగతి వేరు. స్టార్ల బదులు డ్రెస్సింగ్ రూం కుర్రాళ్లే సంతకాలు గీకేయడం ఆ రోజుల్లో మామూలు, కాబట్టి వేర్వేరు పేర్లలో ఒకే చేతి వంపు కనిపిస్తోందేమో చూడండి. దుకాణాల్లో అమ్మిన బంతుల మీద టీం మొత్తం సంతకాలు అచ్చే వేసేవాళ్లు. భూతద్దం పెట్టి చూస్తే సిరా అంతా ఒకే మందంలో, ఎక్కడా ఒత్తిడి తేడా లేకుండా కనిపిస్తే అనుమానించాల్సిందే. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. 1948లో పోయిన బేస్‌బాల్ స్టార్ బేబ్ రూత్ దాంతో సంతకం పెట్టాడంటే నవ్వుకుని ఊరుకోండి.

ప్రశ్న: ప్రోగ్రాముల్లో ఎవరో పెన్సిల్‌తో స్కోరు రాశారు. చెరిపేసి లామినేషన్ చేయించనా?

జవాబు: అయ్యో, రెండూ వద్దు! తేదీ వేయని ప్రోగ్రాము ఏ రోజుదో చెప్పగలిగేది చాలాసార్లు ఆ పెన్సిల్ రాతే. ఎవరి మీద ఆడారు, ఎవరు బంతి విసిరారు అన్నది ఆనాటి పేపరుతో పోల్చి చూడొచ్చు. కొనేవాళ్లలో కొందరు తెల్లగా ఉన్నవే కావాలంటారు, అది వాళ్లిష్టం. లామినేషన్ ఒకసారి చేస్తే మళ్లీ ఊడదీయలేం. ఆమ్లం లేని కవర్లో పెట్టి, ఎండా తేమా తగలని చోట ఉంచండి. టేపు మాత్రం అస్సలు అంటించకండి.