ఆడపిల్లకు ఎంపీసీ కష్టమా?

"మా అమ్మాయి పదో తరగతి అయిపోయింది, లెక్కలంటే ఇష్టం. కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఆడపిల్లకు ఎంపీసీ కష్టం, బైపీసీలో చేర్చమంటున్నారు. నిజంగా అమ్మాయిలకు లెక్కలు రావా?" అని అడిగారు. వస్తాయండీ. ఎంపీసీలోనే చేర్చండి. నేను చాలా ఏళ్లుగా ఇంటర్‌లో రెండు గ్రూపులకూ ఫిజిక్స్ చెబుతున్నాను, చూసిందే రాస్తున్నాను.

బైపీసీ తేలిక అనేవాళ్లకు, ఆ గ్రూపు పిల్లలు డాక్టర్ సీటు కోసం రాసే నీట్ పేపర్ చూపించండి. 720 మార్కుల్లో 180 ఫిజిక్సే. కొన్నేళ్లుగా ఆ పరీక్ష రాసేవాళ్లలో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. ఎంపీసీ పిల్లలకు డిఫరెన్షియేషన్, వెక్టర్లు మ్యాథ్స్ లెక్చరర్ వారాల తరబడి చెబుతారు. బైపీసీలో అవి నేనే రెండు మూడు క్లాసుల్లో చెప్పేసి పాఠంలోకి వెళ్లిపోవాలి. లెక్కలు కష్టమని ఆ గ్రూపుకు పంపిన అమ్మాయిలు ఆ కొంచెంతోనే ఫిజిక్స్ నెగ్గుకొస్తున్నారు.

తేడా నాకు కనిపించేది వేరే చోట. బోర్డు మీద లెక్క ఎవరు చేస్తారంటే అబ్బాయిలు సగం తెలిసినా లేచి వచ్చేస్తారు. అమ్మాయిల్లో చాలామంది చివరి స్టెప్పు దాకా వచ్చిందని రూఢి చేసుకుంటే గానీ చెయ్యెత్తరు. డౌటు ఉంటే క్లాసయ్యాక స్టాఫ్ రూమ్ దగ్గరకు వచ్చి అడుగుతారు. తప్పు చేసిన లెక్కను చెరిపేసి, సరైనది ఎక్కించుకుంటారు. దాంతో ఎక్కడ ఆగిపోయారో నాకు తెలియదు. అందుకే నేను ఫెయిర్ నోట్సు కాకుండా రఫ్ బుక్కే అడుగుతాను, మీరూ ఇంట్లో అదే చూడండి. 2012లో చాలా దేశాల్లో 15 ఏళ్ల పిల్లలకు పెట్టిన పీసా పరీక్షలోనూ, అబ్బాయిలతో సమానంగా చేసిన అమ్మాయిలకే లెక్కలంటే టెన్షన్ ఎక్కువని తేలింది.

ఇక ఇంట్లో జరిగేది. అబ్బాయికి ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్‌కి, అంటే ఇంకో ఏడాది కోచింగ్‌కి పంపిస్తారు, అమ్మాయికి రాకపోతే దగ్గర్లో డిగ్రీలో వేస్తారు. మంచి ర్యాంకు వచ్చినా అంత దూరం ఎలా పంపుతామన్న తండ్రులనూ చూశాను. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. 2018కి ముందు ఐఐటీల బీటెక్‌లో అమ్మాయిలు నూటికి పదిమంది కూడా ఉండేవారు కాదు. ఆ ఏడాది నుంచి వాళ్లకు అదనపు సీట్లు పెట్టారు, 2020కల్లా నూటికి ఇరవై దాకా వచ్చారు. అబ్బాయిల సీట్లు తగ్గించి ఇచ్చినవి కావు అవి. మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లోనూ ప్రతి బ్రాంచిలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకే ఉంటాయి.

కాలేజీలో చేర్చేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి: అమ్మాయిల క్యాంపస్‌లోనూ ఐఐటీ సీటుకు చదివించే అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఉందా, అబ్బాయిలకు చెప్పే లెక్చరర్లే అక్కడికీ వస్తారా? దీనికి సరిగ్గా జవాబు చెప్పకపోతే ఇంకో కాలేజీ చూడండి.