ఆ పావు మార్కు ఎక్కడుంది?

నాయనా,

నువ్వు పంపిన కాయితాలు అందాయి. ఈ మధ్య చూసిన సినిమాల మీద రాసినవన్నీ కలిపి, ఒక్కోదాని కింద రేటింగ్ వేసి, ‘వీటిలో పుస్తకానికి పనికొచ్చేవి ఏవో చెప్పండి మేడమ్’ అని అడిగావు. రాత్రి భోజనాలయ్యాక చదవడం మొదలుపెట్టాను. ‘బలగం’ దగ్గరికి వచ్చేసరికి కోపం వచ్చి పక్కన పెట్టేశాను. పొద్దున లేచి అదొక్కటే మళ్లీ చదివాను. కోపం తగ్గలేదు. అందుకే వెంటనే రాస్తున్నాను.

నీ మాటలే ఇవి: ‘మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి వేశారు. చివర్లో పాట వస్తుంటే నాన్న లేచి వెళ్లి ట్రాక్టర్ దగ్గర నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా రాలేదు.’ ఆ కిందే: ‘నిర్మాణ విలువలు బాగున్నాయి. భీమ్స్ సంగీతం సినిమాకు ప్లస్. సెకండ్ హాఫ్‌లో కాస్త ల్యాగ్ ఉంది. 3.25/5.’

మీ నాన్న లేచి వెళ్లిపోయిన చోట నుంచి నిర్మాణ విలువల దగ్గరికి ఎలా వెళ్లగలిగావు?

ఆ మూడు వాక్యాలు చదివినవాళ్లెవరైనా తర్వాత ఏం జరిగిందని అడుగుతారు. ఆయన ఎందుకు లేచాడు? ఇంట్లో ఎవరితోనైనా మాటల్లేవా? మీ తాతగారి దినాల్లో ఏదైనా గొడవ జరిగిందా? ఊరి వాళ్ల ముందు కళ్లు తుడుచుకోవడం ఇష్టం లేకపోయిందా? ట్రాక్టర్ దగ్గర తెరవైపు తిరిగి నిలబడ్డాడా, చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడా? మీ అమ్మ చూసిందా? సినిమాలో ఇంటిపెద్ద కొమురయ్య పోయాక పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మూడో నాడు ముట్టదు, ఐదో నాడూ ముట్టదు. ఇంట్లో ఏళ్ల తరబడి నానుతున్న పంతాలన్నీ ఆ ముద్ద చుట్టూ చేరతాయి. ఆఖర్లో కొమురమ్మ, మొగిలయ్య అనే బుడగజంగాల దంపతులు పాట ఎత్తుకుంటారు. 2023లో వేణు యెల్దండి తీసిన ఆ సినిమాను పల్లెల్లో తెరలు కట్టి మరీ చూసుకున్నారంటే, అందులో ఎవరింటి గొడవ వాళ్లకు కనబడింది కాబట్టే. మీ నాన్నకు కనబడింది ఏమిటో రాయగలిగినవాడివి నువ్వొక్కడివే. భీమ్స్ సంగీతం బాగుందని రాయడానికి వేలమంది ఉన్నారు.

అసలు ఆ 3.25 ఏమిటి? మూడు వేస్తే తక్కువైపోతుందా? మూడున్నర వేస్తే ఎక్కువైపోతుందా? ఆ పావు మార్కు సినిమాలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలవా? నీ కాయితాల్లో దాదాపు అన్నీ 2.75లు, 3లు, 3.25లే. నచ్చిందని గట్టిగా అనవు, నచ్చలేదనీ అనవు. మధ్యలో సర్దుకుని కూర్చుంటావు. నీ అభిప్రాయం నీకే తేలని ప్రతిచోటా ఆ అంకె వచ్చి నిన్ను కాపాడుతోంది. దాన్ని తీసెయ్. తీసేసి, ఆ ఖాళీలో ఏం రాయాలో తోచేదాకా కూర్చో.

జనం రేటింగ్ వేసుకోవడం మీద నాకు కోపం లేదు. పిల్లల్ని తీసుకుని నలుగురు వెళ్లాలంటే టికెట్లకూ పాప్‌కార్న్‌కూ ఎంతవుతుందో నాకు తెలుసు. వెళ్లొచ్చా, వద్దా అని ఒక్క ముక్కలో అడిగేవాళ్లకు ఆ అంకె పనికొస్తుంది. స్నేహితులు కూర్చుని నువ్వెంత వేశావు, నేనింత వేశానని కొట్టుకోవడంలోనూ సరదా ఉంది. కానీ నువ్వు ఉత్తరంలో ‘రచయితను కావాలనుకుంటున్నాను’ అని రాశావు. ఆ మాట రాయకపోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు.

నేను పనిచేసిన సినిమా వారపత్రికలో రేటింగులు పెట్టాలని ఎడిటర్‌కు ఉన్నట్టుండి ఆలోచన వచ్చింది. పత్రిక పేరు ఇక్కడ అనవసరం. శుక్రవారం మ్యాట్నీ చూసి సాయంత్రానికల్లా రాసివ్వాలి. ఒక పెద్ద హీరో సినిమాకు రెండు వేసి ఇచ్చాను. పత్రిక బయటికి వచ్చాక చూస్తే మూడు ఉంది. ఎదురుపేజీ నిండా అదే సినిమా ప్రకటన. వెళ్లి అడిగాను. ‘అంకె ఒక్కటే మార్చాం కదమ్మా, నీ వాక్యాల జోలికి వెళ్లలేదు కదా’ అన్నాడు ఆ పెద్దమనిషి. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ ఒక సంగతి అప్పుడే అర్థమైంది. వాక్యం మార్చాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. అంకె మార్చడానికి పెన్నుతో ఒక్క గీత చాలు. అదే సమీక్షలో, తల్లి వేషం వేసిన నటి రాత్రిపూట చప్పుడు కాకుండా తలుపు గడియ వేసే తీరు గురించి నాలుగు లైన్లు రాశాను. ఆ లైన్లు చదివి తెనాలి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది, వాళ్ల అత్తగారు అచ్చం అలాగే గడియ వేసేదట. రేటింగ్ గురించి ఒక్కరూ రాయలేదు.

నీ రాతల్లో ఇంకో జబ్బుంది. అది నీ ఒక్కడిదీ కాదు, ఇప్పుడు అందరికీ పట్టుకుంది. కథ, కథనం, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, తీర్పు. ఏ సినిమా అయినా ఈ గళ్లలో పడాల్సిందే. ‘ఎడిటింగ్ ఇంకాస్త షార్ప్‌గా ఉండాల్సింది’ అని దాదాపు ప్రతిదాంట్లో రాశావు. ఎడిటర్ చేతికి ఎంత ఫుటేజీ వచ్చిందో, ఏ సీను నిర్మాత ఉంచమన్నాడో మనకేం తెలుసు? నీకు విసుగు పుట్టిన సీను ఏదో చెప్పు. అప్పుడు తెరమీద ఏముందో, హాల్లో జనం ఏం చేస్తున్నారో చెప్పు. అక్కడితో నీ పని అయింది. హాలు బయట మైకులు పట్టుకుని ‘అన్నా, ఎలా ఉంది’ అని అడిగేవాళ్లకు చెప్పే మాటలు కాయితం మీదికి తేవద్దు. ‘ఎలివేషన్’, ‘గూస్‌బంప్స్’ అన్న మాటలు నాకు పంపే వాటిలో ఇక కనబడకూడదు.

సినిమా గురించి ఎలా చెప్పాలో నేను నేర్చుకుంది ఏ పత్రికలోనూ కాదు. విజయవాడలో మా వీధి చివర విస్తళ్లు కుట్టే ఆవిడ ఒకరు ఉండేది. చదువు లేదు. మ్యాట్నీకి వెళ్లొచ్చి సాయంత్రం అరుగు మీద కూర్చుంటే చుట్టూ ఆడవాళ్లు చేరేవాళ్లు. ఒడిలో మోదుగాకులు, పళ్ల మధ్య ఈనెపుల్లలు. ఒక ఆకు మీద ఇంకో ఆకు సర్ది, పుల్ల గుచ్చి, మిగిలిన ముక్క పుటుక్కున తుంచుతూ కథ చెప్పేది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, ముసలాయన హీరో. మొదట్లో హాళ్లు ఖాళీగానే ఉండేవి. ఆవిడ చూసొచ్చి, గుడి ముందు వానలో శంకరశాస్త్రి పాడే ఘట్టం చెప్పింది. ‘ఒళ్లంతా తడిసి ముద్దయినా గొంతు మాత్రం తగ్గించడమ్మా’ అంటూ చేతిలో సగం కుట్టిన విస్తరి అలాగే పట్టుకుని ఉండిపోయింది. బాగుందనిగానీ బాగాలేదనిగానీ ఆవిడ ఒక్క ముక్క అనలేదు. మర్నాడు మా అమ్మతో సహా వీధిలో ఆడవాళ్లంతా సినిమాకు బయల్దేరారు. విశ్వనాథ్ గారి సినిమా నోటిమాట మీద నిలబడిందని అందరూ అంటారు. ఆ నోటిమాట ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

అప్పట్లో నేను ఒంటరిగా సెకండ్ షోకు వెళ్లే వీల్లేదు. మ్యాట్నీకి లేడీస్ క్యూలో నిలబడి, లేడీస్ టికెట్ మీద కూర్చుని చూసేదాన్ని. పక్కన పిల్లలు ఏడుస్తుంటే, ఎవరో మరచెంబు మూత తీస్తుంటే, ఆ సందడి మధ్యే సినిమా చూడటం అలవాటైంది. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు ఫొటోల కోసం వెళితే ‘మీ ఇంట్లో మగవాళ్లని పంపండి’ అనేవాళ్లు. పత్రికల వాళ్లు నేను రాసిన వ్యాసం చదవకుండా, వంటల శీర్షిక రాస్తారా అని అడిగేవాళ్లు. ఇవి తీరిగ్గా ఇంకోసారి చెప్తాను.

నీ కాయితాల్లో ‘మాయాబజార్’ కూడా ఉంది. 1957 సినిమాకు ఇప్పుడు నువ్వు 4.5 వేశావు. అర మార్కు ఎందుకు కోశావో అడగను. సావిత్రి ‘అద్భుతంగా నటించింది’ అని రాశావు, అది తెలియంది ఎవరికి? ‘అహ నా పెళ్ళంట’ పాట మళ్లీ పెట్టుకుని చూడు. ఒంటిమీద పెళ్లికూతురి అలంకారం, లోపల ఘటోత్కచుడు. సిగ్గుపడుతూ తిప్పే నడుము మధ్యలోనే ఎస్వీ రంగారావు నడక దూసుకొస్తుంది. భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, అంతలోనే మళ్లీ ఆడపిల్ల అయిపోతుంది. పెళ్లి పీటల మీద రేలంగి పాదం ఆవిడ పాదం కింద పడ్డప్పుడు ఆయన ముఖం చూడు. ఒక నటి ఇంకో నటుడి ఒంటిని తన ఒంట్లోకి తెచ్చుకోవడం అక్కడ కనబడుతుంది. దాన్ని ఆపి ఆపి చూడు. నువ్వు చూసింది నీ మాటల్లో ఒక పేజీ రాయి. ఆ పేజీ చదివినవాడు ఆ రాత్రే సినిమా వెతుక్కుని చూస్తాడు. నీ నాలుగున్నర చూసి ఎవరూ కదలరు.

‘కేరాఫ్ కంచరపాలెం’ గురించి ‘కొత్తవాళ్లు పర్వాలేదనిపించారు, 3’ అన్నావు. 2018లో వెంకటేష్ మహా ఆ సినిమాను విశాఖపట్నంలోని ఆ పేటలోనే, చాలావరకు అక్కడి మనుషులతోనే తీశాడు. వాళ్లకు కెమెరా కొత్త, ఆ వీధులు కొత్త కాదు. మాట విసిరే తీరులో, గడప మీద కూర్చునే తీరులో అది తెలుస్తుంది. నువ్వు చూడలేదంటే, మార్కు ఎంత వేయాలా అన్న టెన్షన్‌లో ఉండి ఉంటావు. ‘పెళ్లిచూపులు’లో మాటలు సహజంగా ఉన్నాయన్నావు, బాగానే పట్టుకున్నావు. ఎందుకలా ఉన్నాయో ఒక్క అడుగు ముందుకు వెళ్లి తెలుసుకుంటే, ఆ గొంతులు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పినవి కావని, షూటింగ్ చోటే రికార్డు చేశారని దొరికేది. అప్పుడు నీ వాక్యం గట్టిపడేది.

ఆ రోజు వేసిన అంకె ఆ రోజుకే. ‘ఖలేజా’, ‘ఆరెంజ్’ రెండూ 2010లో హాళ్లలో బోల్తా పడ్డాయి. తర్వాత ‘ఖలేజా’ను టీవీలో జనం కంఠతా పట్టేంతగా చూశారు. ‘ఆరెంజ్’ 2023లో మళ్లీ విడుదలైతే కుర్రాళ్లు హాల్లో పాటలన్నీ గొంతు కలిపి పాడారు. తొలిరోజు రేటింగులన్నీ ఇప్పుడు ఎవరికి కావాలి? కానీ ఆ తొలిరోజు హాల్లో కూర్చుని ఏ సీనుకు జనం మొహాలు చూసుకున్నారో, ఏ డైలాగ్‌కు ఎవరో ఒక్కడే నవ్వాడో ఎవరైనా రాసిపెట్టి ఉంటే, దాన్ని ఈరోజు కూడా ఆశగా చదువుతాను.

ఇప్పుడు ఆ తీరికే లేకుండా పోయింది. ఇక్కడ పొద్దుటి ఆట మొదలుకాకముందే డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ప్రీమియర్ చూసినవాళ్ల మార్కులు వచ్చేస్తున్నాయి. ఇంటర్వెల్‌లో ఒకటి, అయ్యాక ఒకటి. నాకు వాళ్లంటే బాధగా ఉంటుంది. ఆఫీసు అయ్యాక అంత దూరం కారు నడుపుకుంటూ వెళ్లి, మన మాట వినబడే హాల్లో తోటి తెలుగువాళ్లతో కూర్చున్న మనిషి దగ్గర చెప్పడానికి ఎంత ఉంటుంది! అదంతా వదిలేసి ‘ఫస్ట్ హాఫ్ ఓకే, 2.75’ అని రాసి నిద్రపోతున్నాడు. పెళ్లికి పిలిస్తే వచ్చి, పప్పులో ఉప్పు ఎంతుందో చెప్పి వెళ్లిపోయినట్టుంది.

నీకు చూపు ఉంది. ట్రాక్టర్ దగ్గర నిలబడ్డ మనిషిని చూసినవాడికి చూపు లేదని ఎలా అంటాను? ‘బలగం’ మీద మళ్లీ రాయి. మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాయి, నాకోసం కోస్తా భాషలోకి మార్చొద్దు. మీ నాన్నను అడుగు. ఆయన చెప్పకపోతే, చెప్పలేదని రాయి. సంక్రాంతి లోపల పంపు. కింద అంకె ఉంటే మాత్రం చదవను.

యూట్యూబ్ చానెల్ పెట్టాలా, ఫ్యాన్స్ తిడితే ఏం చేయాలి, ప్రెస్ షోలకు పాసులు ఎలా వస్తాయి అని అడిగావు. పాసుల సంగతి ఒక్కటే చెప్తాను. టికెట్ కొనుక్కుని చూడు. పాసు మీద వెళితే నవ్వాల్సిన చోట కూడా నవ్వని వాళ్ల మధ్య కూర్చోవాలి, బయటికి రాగానే గేటు దగ్గర పీఆర్వో చెయ్యి పట్టుకుని ‘ఎలా ఉంది మేడమ్’ అంటాడు. ఆ చెయ్యి పట్టుకున్నాక నిజం రాయడం చాలా కష్టం. మీ ఊరికి దగ్గర్లో ఉన్న టౌన్‌లో, వీలైతే ఆదివారం ఫస్ట్ షోకు వెళ్లు. తెరతోపాటు అటూ ఇటూ కూడా చూడు.

కొడవటిగంటి కుటుంబరావు గారు సినిమాల మీద రాసిన వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి, సంపాదించి చదువు. మద్రాసులో సినిమా వాళ్ల మధ్యే బతుకుతూ కూడా ఆయన ఎవరినీ మొహమాటపడి మెచ్చుకోలేదు. ఎక్కడా దొరక్కపోతే నీ అడ్రస్ రాయి, నా దగ్గరున్న జిరాక్స్ కాపీ పంపిస్తాను. నేను ఒప్పుకోని చోట్ల పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను. నీకు నా మాట తప్పనిపిస్తే దాని కిందే రాసి తిప్పి పంపు.

ఉంటాను.