టెక్ సందేహాలు: క్లౌడ్‌ను తాకకుండా టెర్రాఫామ్ కోడ్‌ను పరీక్షించవచ్చా?

ప్రశ్న: మా టీమ్‌లో క్లౌడ్‌లోని నెట్‌వర్క్‌లు, సర్వర్లు, డేటాబేస్‌లు అన్నీ టెర్రాఫామ్ (కోడ్ రాసి క్లౌడ్ వనరులను సృష్టించే సాధనం) కోడ్‌తోనే పెడతాం. ఈమధ్య ఆ కోడ్‌కు టెస్టులు రాయడం మొదలుపెట్టాం. కానీ టెస్టు నడిపిన ప్రతిసారీ డేటాబేస్ నిజంగానే తయారై, మళ్లీ డిలీట్ అవుతోంది. చాలాసేపు పడుతోంది. మధ్యలో ఆగిపోతే అకౌంట్‌లో ఏమేం మిగిలిపోయాయోనని వెతుక్కోవాలి. నిజమైన క్లౌడ్ బదులు ఉత్తుత్తి విలువలు ఇచ్చే మాక్ ప్రొవైడర్ వాడమని ఒకరు సలహా ఇచ్చారు. ఉత్తుత్తి క్లౌడ్ మీద నడిపిన టెస్టును నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు. అయితే ఎంతవరకు నమ్మాలో తెలిసి ఉండాలి.

టెర్రాఫామ్‌లో టెస్ట్ కమాండ్ 2023 అక్టోబరులో 1.6 వెర్షన్‌తో వచ్చింది. టెస్ట్ ఫైల్‌లో మీరు రాసే ప్రతి రన్ బ్లాక్ (టెస్టులో ఒక్కో అడుగు), వేరే ఏమీ చెప్పకపోతే అప్లై చేస్తుంది. అంటే వనరులను నిజంగా సృష్టించి, మీ షరతులు సరిచూసి, చివర్లో అన్నిటినీ తీసేస్తుంది. మీ టెన్షన్ అంతా అక్కడి నుంచే వస్తోంది. ప్లాన్ మాత్రమే, అంటే ఏమేం మారతాయో లెక్కవేసి చూపడం మాత్రమే చేయమని చెప్పవచ్చు. అప్పుడు ఏదీ సృష్టించదు. కానీ లాగిన్ వివరాలు ఇంకా కావాలి, డేటా సోర్సులు (కోడ్‌కు కావాల్సిన సమాచారాన్ని చదివి తెచ్చే బ్లాకులు) క్లౌడ్‌ను అడిగి చదవాలి. పైగా ఐడీ, ఏఆర్ఎన్ (అమెజాన్ క్లౌడ్‌లో ఒక్కో వనరుకు ఉండే పూర్తి గుర్తింపు పేరు) లాంటి విలువలు ప్లాన్ దశలో ఇంకా పుట్టవు కాబట్టి వాటి మీద షరతు పెట్టలేం.

ఈ ఇబ్బందుల కోసమే 2024 జనవరిలో 1.7 వెర్షన్‌లో మాక్ ప్రొవైడర్ వచ్చింది. టెస్ట్ ఫైల్ పైన ఒక మాక్ ప్రొవైడర్ బ్లాక్ పెట్టి, ప్రొవైడర్ (టెర్రాఫామ్ తరఫున క్లౌడ్‌తో మాట్లాడే ప్లగిన్) పేరు రాస్తే చాలు. ఆ ఫైల్‌లోని టెస్టులేవీ క్లౌడ్‌ను పిలవవు. లాగిన్ వివరాలు అక్కర్లేదు. మార్పు పంపిన ప్రతిసారీ ఆటోమేటిక్‌గా నడిచే పైప్‌లైన్‌లో రహస్య కీలు పెట్టకుండానే టెస్టులు నడుస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కీ ఎన్ని చోట్ల ఉంటే అన్ని చోట్ల నుంచి బయటికి పోయే ప్రమాదం ఉంటుంది.

ఒక విషయం చాలామంది గమనించరు. మాక్ పెట్టినా అసలు ప్రొవైడర్ ప్లగిన్ డౌన్‌లోడ్ అవుతుంది. ఏ వనరుకు ఏయే లక్షణాలు ఉంటాయో, ఏది తప్పనిసరో, ఏది అంకె, ఏది జాబితా అన్నది టెర్రాఫామ్ ఆ ప్లగిన్ నుంచే తెలుసుకుంటుంది. అందుకే లక్షణం పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినా మాక్ టెస్టులో దొరికిపోతుంది. ఇది చిన్న లాభం కాదు.

ఇక అసలు మెలిక దగ్గరికి వద్దాం. మీరు కోడ్‌లో రాసిన విలువలను మాక్ ముట్టుకోదు. క్లౌడ్ నింపాల్సిన ఖాళీలను మాత్రమే తను నింపుతుంది. అంకె కావాలంటే సున్నా ఇస్తుంది. అవును, కాదు అనే చోట కాదు అంటుంది. అక్షరాలు కావాలంటే తోచిన 8 అక్షరాల ముక్క ఒకటి ఇస్తుంది. జాబితా కావాలంటే ఖాళీ జాబితా ఇస్తుంది. ఈ నాలుగూ బాగా గుర్తుంచుకోండి. మాక్ టెస్టుల్లో తలనొప్పులు ఎక్కువగా వీటి నుంచే పుడతాయి.

ఎనిమిది అక్షరాల ముక్క సంగతి చూడండి. అమెజాన్ క్లౌడ్‌లో ఒక రోల్‌కు (అనుమతులు తగిలించే గుర్తింపుకు) పాలసీ, అంటే అనుమతుల నియమాలు ఇవ్వడానికి చాలామంది పాలసీ డాక్యుమెంట్ అనే డేటా సోర్స్ వాడతారు. అది నిజానికి జేసన్ (డేటాను అక్షరాల్లో రాసే ఒక పద్ధతి) రూపంలో పాలసీ రాసి ఇస్తుంది. మాక్ మాత్రం అక్కడ అర్థం లేని 8 అక్షరాలు పెడుతుంది. రోల్ దగ్గరికి వచ్చేసరికి ప్లగిన్ ఆ ముక్కను చూసి, ఇది సరైన జేసన్ కాదని ఎర్రర్ ఇస్తుంది. కోడ్‌లో తప్పేమీ లేదు, కానీ టెస్టు ఫెయిల్. కొత్తవాళ్లు ఇక్కడే విసుగెత్తి మాక్‌లను వదిలేస్తుంటారు. దీనికి మందు తేలికే. మాక్ ప్రొవైడర్ బ్లాక్ లోపల మాక్ డేటా అనే బ్లాక్ పెట్టి, ఆ డేటా సోర్స్‌కు జేసన్ డిఫాల్ట్‌గా ఒక ఖాళీ జేసన్ వస్తువు, అంటే రెండు మీసాల బ్రాకెట్లు ఇవ్వండి. ఏఆర్ఎన్ అడిగే చోట కూడా అంతే. అసలు ఏఆర్ఎన్ ఎలా ఉంటుందో అదే ఆకారంలో ఒకటి రాసి పెట్టండి.

ఈ తప్పు కనీసం ఎర్రర్‌గా కనిపిస్తుంది. ఖాళీ జాబితా అలా కాదు, అది నిశ్శబ్దంగా మోసం చేస్తుంది. నాకు ఎదురైన సంగతే చెబుతాను. అందుబాటులో ఉన్న జోన్ల (రీజియన్‌లోని వేర్వేరు డేటా సెంటర్ విభాగాల) జాబితాను డేటా సోర్స్ ద్వారా చదివి, ఒక్కో జోన్‌కు ఒక్కో సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) పెట్టే కోడ్ అది. ఏ సబ్‌నెట్ కూడా దానంతట అది పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి చేరగలిగే చిరునామా) ఇవ్వకూడదన్నది షరతు. సబ్‌నెట్లన్నిటి మీదా తిరిగి, అన్నీ నిజమైతే నిజం అని చెప్పే ఆల్‌ట్రూ ఫంక్షన్‌తో ఆ షరతు రాశాను. టెస్టు పాసైంది. తర్వాత ఒక సహోద్యోగి పొరపాటున పబ్లిక్ ఐపీ ఇచ్చే మార్పు చేసినా టెస్టు పాసైంది. ఎందుకో తెలియక చాలాసేపు తల పట్టుకున్నాం. చివరికి సబ్‌నెట్లు ఎన్ని ఉన్నాయో ప్రింట్ చేసి చూస్తే సున్నా! మాక్ ఖాళీ జోన్ల జాబితా ఇచ్చింది. జోన్లు లేవు కాబట్టి సబ్‌నెట్లు లేవు. ఖాళీ జాబితాకు ఆల్‌ట్రూ ఇచ్చే జవాబు ఎప్పుడూ నిజమే. ఆ టెస్టు అన్ని రోజులూ ఒక్క సబ్‌నెట్‌ను కూడా చూడకుండానే పాసవుతూ వచ్చింది.

అదే కోడ్‌లో జాబితా నుంచి మొదటి జోన్‌ను నేరుగా తీసుకుని ఉంటే, అలాంటిది లేదని టెర్రాఫామ్ అక్కడికక్కడే ఆగిపోయేది. అప్పటి నుంచి నేను రెండు పనులు తప్పకుండా చేస్తున్నాను. జాబితా ఇచ్చే ప్రతి డేటా సోర్స్‌కు మాక్ డేటాలో నిజమైన ఆకారంలో మూడు విలువలైనా ఇస్తాను. అన్నీ ఇలా ఉండాలి అనే షరతు రాసే ముందు, మొత్తం ఇన్ని ఉండాలి అనే షరతు రాస్తాను. ఆ తర్వాత కోడ్‌ను కావాలని ఒకసారి పాడుచేసి, టెస్టు ఫెయిల్ అవుతుందో లేదో చూస్తాను. పాడైన కోడ్‌కు కూడా టెస్టు పాసవుతోందంటే దానికి ఇంకా కళ్లు రాలేదని అర్థం.

ఇలా సమకూర్చుకున్న మాక్ విలువలను ప్రతి టెస్ట్ ఫైల్‌లోనూ కాపీ చేయకండి. టీఎఫ్‌మాక్ ఫైల్‌గా ఒక ఫోల్డర్‌లో పెట్టి, మాక్ ప్రొవైడర్ బ్లాక్‌లో సోర్స్‌గా ఆ ఫోల్డర్‌ను చూపించవచ్చు. టీమ్ అంతా ఒకే విలువలు వాడుకుంటారు.

మీ డేటాబేస్ ఒక్కటే ఆలస్యానికి కారణమైతే ప్రొవైడర్ మొత్తాన్ని మాక్ చేయనవసరం లేదు. ఓవర్‌రైడ్ రిసోర్స్ బ్లాక్‌తో ఆ ఒక్క డేటాబేస్‌ను పక్కన పెట్టి, మిగతావి నిజంగా నడపవచ్చు. ఒక్కటే జాగ్రత్త. ఉత్తుత్తి వనరు ఇచ్చే ఐడీని నిజమైన వనరు వాడుకోకూడదు. డేటాబేస్ సాధారణంగా గొలుసులో చివరన ఉంటుంది కాబట్టి బాధ లేదు. అదే సబ్‌నెట్‌ను ఓవర్‌రైడ్ చేసి, దాని మీద నిజమైన సర్వర్ పెట్టబోతే, అలాంటి సబ్‌నెట్ లేదని క్లౌడ్ తిప్పి పంపుతుంది.

ప్రశ్న: మాక్ ప్రొవైడర్ పెట్టాను, రన్ బ్లాక్‌లో ప్లాన్ అని రాశాను. ఐడీ మీద షరతు పెడితే విలువ ఇంకా తెలియదంటోంది. మాక్ విలువ ఏమైనట్టు?

జవాబు: మామూలుగా మాక్ వనరుల విలువలు అప్లై దశలోనే పుడతాయి. ప్లాన్‌లో అవి తెలియనివిగానే ఉంటాయి. మీ ప్రొవైడర్లన్నీ మాక్‌లే అయితే ప్లాన్ మాట తీసేసి అప్లైకి వదిలేయండి. క్లౌడ్‌ను ఎలాగూ తాకదు. ప్లాన్ దశలోనే కావాలంటే 1.11 వెర్షన్ నుంచి ఓవర్‌రైడ్ డ్యూరింగ్ అనే సెట్టింగ్ ఉంది. దానికి ప్లాన్ అని విలువ ఇవ్వండి.

ప్రశ్న: మేం టెర్రాఫామ్ నుంచి విడిగా పుట్టిన ఓపెన్‌టోఫు వాడుతున్నాం. అందులో ఇది ఉందా?

జవాబు: ఉంది. 1.8 వెర్షన్ నుంచి టెస్టుల్లో మాక్ ప్రొవైడర్ వాడుకోవచ్చు. పాత వెర్షన్‌లో ఉంటే ముందు అప్‌డేట్ చేసుకోండి.

ప్రశ్న: మాక్ టెస్టులన్నీ పాసయ్యాయి. ఇక నిజమైన క్లౌడ్ మీద నడిపే టెస్టులు తీసేస్తే ఏమవుతుంది?

జవాబు: దయచేసి తీసేయకండి. మాక్ పరీక్షించేది మీ లాజిక్‌ను. ప్రొడక్షన్ అయితే మూడు సర్వర్లు, టెస్టింగ్ అయితే ఒకటి అన్నది సరిగ్గా పనిచేస్తోందా, పేర్లు మీ పద్ధతిలోనే వస్తున్నాయా, ట్యాగులు అన్నిటికీ పడుతున్నాయా, తప్పుడు వేరియబుల్ ఇస్తే వాలిడేషన్ ఆపుతోందా. ఇలాంటివి మాక్‌తో పట్టుకున్నంత తొందరగా ఇంకెలాగూ పట్టుకోలేం.

కానీ మాక్‌కు ఎవరి అనుమతులూ తెలియవు. మీ అకౌంట్‌లో కోటా నిండిపోయిందని అది చెప్పలేదు. ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) పేరును ఇంకెవరో ఇప్పటికే తీసుకుని ఉంటే, నిజంగా సృష్టించబోయినప్పుడే బయటపడుతుంది. మీరు అడిగిన రకం సర్వర్ ఆ రీజియన్‌లో దొరకకపోవచ్చు. మాక్ వీటన్నిటికీ సరేనంటుంది. లోకల్‌స్టాక్ లాంటి ఎమ్యులేటర్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ అసలు ప్రొవైడరే పనిచేస్తుంది, క్లౌడ్ బదులు మీ మెషీన్ మీదున్న సర్వర్‌తో మాట్లాడుతుంది. అయినా అదీ అసలు క్లౌడ్ కాదు.

నేనైతే ఇలా పెడతాను. మాక్ టెస్టులు ప్రతి మార్పుకూ నడుస్తాయి. నిజమైన అప్లై టెస్టు, అన్నిటికంటే ముఖ్యమైన ఒకటి రెండు మాడ్యూళ్లకు (విడిగా రాసిన కోడ్ భాగాలకు) మాత్రం, ప్రత్యేకంగా కేటాయించిన ఖాళీ అకౌంట్‌లో రాత్రిపూట ఒకసారి నడుస్తుంది. మధ్యలో ఆగి ఏదైనా మిగిలిపోయినా ఆ అకౌంట్‌లో వేరే ఏమీ ఉండవు కాబట్టి పొద్దున్నే కనిపిస్తుంది.