పోటీ పిస్టల్: పార్ట్‌లు కొని బిల్డ్ చేయించాలా, రెడీమేడ్ కొనాలా?

ప్రశ్న: సార్, ఐపీఎస్‌సీ అనే, కదులుతూ టైముకి టార్గెట్లు కాల్చే షూటింగ్ పోటీల్లో దిగి ఎక్కువ కాలం కాలేదు, ఇప్పటిదాకా క్లబ్ పిస్టల్‌తోనే నెట్టుకొస్తున్నా. సొంతంది తీసుకుందాం అనుకుంటే ఇద్దరు ఫ్రెండ్స్ రెండు వైపులా లాగుతున్నారు. ఒకడేమో మామూలు పిస్టల్ చవగ్గా కొని ట్రిగ్గర్, బ్యారెల్ (గొట్టం), సైట్లు (గురి చూసే ముక్కలు) ఒక్కోటీ మార్చుకుంటూ పో, సగం డబ్బుకే కస్టమ్ పిస్టల్ తయారవుతుంది అంటాడు. ఇంకొకడు అదంతా వేస్ట్, ఫ్యాక్టరీ వాళ్లు పోటీల కోసం చేసిన మోడలే కొను అంటాడు. బడ్జెట్ టైటు. ఏం చేయమంటారు?

జవాబు: రెండోవాడి మాట వినండి. మొదటివాడు చెప్పిన సగం డబ్బు లెక్క కాగితం మీద బానే ఉంటుంది గానీ అందులో పార్టుల ధర మాత్రమే ఉంది, మిగతావేవీ లేవు. పార్ట్ కొన్నాక ఫిట్టింగ్‌కి గన్‌స్మిత్ (తుపాకుల మెకానిక్) తీసుకునేది వేరే, మొదట కొన్న పార్ట్ నచ్చక పక్కన పడేసి ఇంకోటి కొనడం వేరే (ఇది జరగని బిల్డ్ నేనైతే చూళ్లేదు), తీసేసిన ఒరిజినల్ పార్టులేమో డబ్బాలో మూలుగుతూ ఉంటాయి, వాటిని ఎవరూ కొనరు. చివరికి అంతా కలిసి తడిసి మోపెడవుతుంది. పైగా రేపు అమ్ముదామంటే మీరు పెట్టిన ఖర్చుకి కొనేవాడు విలువ ఇవ్వడు, ఇంకా ఎవడో కెలికిన పిస్టల్ అని రేటు తగ్గిస్తాడు. ఫ్యాక్టరీ పోటీ మోడల్‌కి ఆ బాధ లేదు, సెకండ్ హ్యాండ్‌లో కూడా మంచి రేటే వస్తుంది.

ఇంకో సంగతి, బిల్డ్ అనే మాట అన్ని పిస్టళ్లకీ ఒకేలా వర్తించదు. 1911 అనే మోడల్ ఉంది చూడండి, జాన్ బ్రౌనింగ్ అనే తుపాకుల డిజైనర్ చేసింది, అది చేత్తో ఫిట్ చేసే రోజుల్లో పుట్టిన పిస్టల్. మంచి బ్యారెల్ తెచ్చినా దాని లగ్గులు (పైనుండే గట్లు) స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగంలో) సరిగ్గా కూర్చునేదాకా కొంచెం కొంచెం అరగదీస్తూ పోవాలి, బ్యారెల్ మూతిని పట్టి ఉంచే బుషింగ్ సంగతీ అంతే, బొటనవేలితో వేసే థంబ్ సేఫ్టీ సంగతీ అంతే. దాని డబుల్ స్టాక్ (రౌండ్లు నింపే మ్యాగజైన్‌లో అవి రెండు వరసల్లో పట్టే) తమ్ముడు 2011 కూడా అదే జాతి. ఈ రెంటిలో పార్ట్‌కి పెట్టిన డబ్బు కంటే పని తెలిసిన చేతికి పెట్టే డబ్బే ఎక్కువ. గ్లాక్ లాంటి వాటిలో అలా కాదు, చాలా పార్టులు తీసి పెట్టేస్తే సరిపోతుంది. సిగ్ పీ320లో అయితే ఇంకా ముందుకెళ్లి సీరియల్ నంబర్ ఉండే భాగాన్ని లోపలి ట్రిగ్గర్ యూనిట్‌కే పరిమితం చేశారు, గ్రిప్ మాడ్యూల్, స్లైడ్ దాని చుట్టూ మార్చుకోవచ్చు. సో మీ ఫ్రెండ్ ఇలాంటి వాటిని మనసులో పెట్టుకుని మాట్లాడుంటే కొంత న్యాయం ఉంది, 1911 గురించి అయితే లేదు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో ఫ్రేమ్ (మిగతా భాగాలు కూర్చునే చట్రం) ఒక్కటే చట్టం దృష్టిలో తుపాకి, బ్యారెల్, స్లైడ్ మామూలు సామాన్ల లాగా కొనేసుకుంటారు, పార్ట్ పార్ట్‌గా బిల్డ్ చేసే సరదా అక్కడ అంత పెరగడానికి అదో పెద్ద కారణం. యూరోపియన్ యూనియన్ 2017 నిబంధనల్లో ఫ్రేమ్‌తో పాటు బ్యారెల్, స్లైడ్ కూడా ముఖ్య భాగాల లెక్కలోకే వస్తాయి, అంటే వాటికీ కాగితాలు కావాలి. అమెరికా వాళ్ల వీడియోలు చూసి ప్లాన్ వేసుకునే ముందు మీరున్న చోట ఏ పార్ట్‌కి లైసెన్స్ కావాలో, మార్పులు ఎవరు చేయొచ్చో లైసెన్స్ ఇచ్చేవాళ్లని అడగండి, బిల్డ్ ముచ్చట చాలామందికి అక్కడే తీరిపోతుంది.

ఇక పిస్టల్ ఎంచుకునే ముందు డివిజన్ (ఏ రకం పిస్టల్‌తో ఆడతారో ఆ విభాగం) ఎంచుకోండి, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ప్రొడక్షన్ అనే, ఫ్యాక్టరీ పిస్టళ్ల డివిజన్‌లో ఆడాలంటే ఆ మోడల్ ఐపీఎస్‌సీ ఆమోదించిన లిస్టులో ఉండాలి, బ్యారెల్ 127 మిల్లీమీటర్లు దాటకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి కనీస బరువు ఉంది (మొదటి షాట్‌కి 2.27 కిలోలు, లేదంటే ప్రతి షాట్‌కీ 1.36 కిలోలు), బయటికి విచ్చుకునే మ్యాగ్‌వెల్ (మ్యాగజైన్ దూర్చే గ్రిప్ కింది మూతి) పెట్టకూడదు. ముచ్చటపడి కాంపెన్సేటర్ (పిస్టల్ ఎగరడం తగ్గించడానికి బ్యారెల్ మూతికి పెట్టే ముక్క) తగిలించారనుకోండి, నేరుగా ఓపెన్ డివిజన్‌లోకి వెళ్లి పడతారు, అక్కడ మీ పక్కన నిలబడేవాళ్ల దగ్గర అసలు సిసలు రేస్ గన్‌లు ఉంటాయి. స్టాండర్డ్‌లో అయితే పిస్టల్ మ్యాగజైన్‌తో సహా 225 × 150 × 45 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. కొత్తగా దిగినవాళ్లకి, అందులోనూ డబ్బు చూసుకోవాల్సినవాళ్లకి, ప్రొడక్షనే నయం అని నా అభిప్రాయం, ఎందుకంటే పెద్దగా మార్పులు చేయనివ్వని రూలే మీ జేబుని కాపాడుతుంది. సీజెడ్ షాడో 2 లాంటివి పెట్టెలోంచి తీసిన రోజే మ్యాచ్‌కి రెడీ. దాని బరువు 1.3 కిలోలు దాటుతుంది, 9 ఎంఎం మైనర్ (తక్కువ పవర్) రౌండ్‌కి ఆ బరువుతో చేతిలో పెద్దగా ఎగరదు. కొత్తది అందకపోతే అలాంటిదే సెకండ్ హ్యాండ్‌లో చూడండి.

లెక్కల్లో చెప్తా వినండి. 16 టార్గెట్లు, 32 రౌండ్ల స్టేజ్ అనుకుందాం, మైనర్‌లో అన్నీ ‘ఏ’ జోన్‌లో (టార్గెట్ నడిమధ్య, ఒక్కోటికి 5 పాయింట్లు) పడితే 160 పాయింట్లు. మీకు ఐదు మాత్రం దాని చుట్టూ ఉండే ‘సి’ జోన్‌లో పడ్డాయి, ఒక్కోటికి 2 చొప్పున పోయి 150 మిగిలాయి, 20 సెకన్లు పట్టింది, హిట్ ఫ్యాక్టర్ (పాయింట్లని సెకన్లతో భాగిస్తే వచ్చేది) 7.5. మంచి ట్రిగ్గర్ వేయించి అర సెకను మిగిల్చారనే అనుకుందాం (మిగలదు, అయినా అనుకుందాం), 7.69 అవుతుంది. అదే ట్రిగ్గర్ ఏమీ ముట్టుకోకుండా ప్రాక్టీస్ చేసి ఆ ఐదూ ‘ఏ’ జోన్‌లోకి తెచ్చుకుంటే 8.0. అందుకే బిల్డ్ మీద పెట్టే డబ్బుతో రౌండ్లు కొనుక్కోండి అని అంత గట్టిగా చెప్పేది.

ఏదీ మార్చొద్దు అని కాదు. సైట్లు మీ కంటికి సరిపోకపోతే మార్చండి, గ్రిప్ జారుతుంటే గ్రిప్ టేప్ వేయండి, స్ప్రింగులు అరిగేవే కాబట్టి ఒక సెట్ దగ్గర పెట్టుకోండి. మార్చే ప్రతి దానికీ ముందు మీ డివిజన్ రూల్ ఒకసారి తిరగేయండి. మ్యాగజైన్లు మాత్రం మర్చిపోకండి, ప్రొడక్షన్‌లో మ్యాగజైన్‌కి 15 రౌండ్లే అంటే 32 రౌండ్ల స్టేజ్‌కి ఒక్కటీ మిస్ కాకపోయినా మూడు కావాలి, కింద పడి ఇసుక పట్టినవి, స్పేర్‌వి కలుపుకుంటే ఐదు లేకుండా మ్యాచ్‌కి వెళ్లొద్దు. హోల్‌స్టర్, బెల్టు, పౌచ్‌లు, ఇవన్నీ పిస్టల్ బడ్జెట్‌లోంచే పోవాలి. వీటికి డబ్బు మిగలని పిస్టల్ మీ బడ్జెట్ పిస్టల్ కాదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక కస్టమ్ పిస్టల్ కనిపించింది, రేటు బాగుంది, కానీ భయంగా ఉంది. ఏం చూసి కొనాలి?

జవాబు: రేటు ఎందుకు బాగుందో ముందు అది కనుక్కోండి. ఓనర్ డివిజన్ మారాడు, కొత్తది కొన్నాడు అంటే సరే. పని ఎవరు చేశారు, బిల్లు ఉందా అని అడగండి, బిల్లు చూపించలేనివాడు ట్రిగ్గర్ తనే రుద్దుకుని ఉంటాడు. తర్వాత పిస్టల్ ఖాళీగా ఉందో లేదో మీరే చాంబర్ (బ్యారెల్‌లో రౌండ్ కూర్చునే చోటు) చూసి తేల్చుకుని స్లైడ్ లాగి వదలండి, హామర్ (వెనకుండే సుత్తి) కాక్ అయి, అంటే వెనక్కి వంగి, నిలబడాలి, స్లైడ్‌తో పాటు అదీ కిందికి జారిందంటే ఇంకేం చూడక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి. కాక్ చేసిన హామర్‌ని వెనకనుంచి బొటనవేలితో ఒక మోస్తరుగా నెట్టినా పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వదిలి, సేఫ్టీ తీసినా పడకూడదు. ఎజెక్షన్ పోర్ట్ (ఖాళీ తొడుగు బయటికి పడే కిటికీ) మూలల్లో, స్లైడ్ స్టాప్ పిన్ చుట్టూ సన్న పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. స్లైడ్ కొంచెం కదిలితే కంగారు పడొద్దు, మూసి ఉన్నప్పుడు బ్యారెల్ గట్టిగా లాక్ అయితే గురి ఎక్కడికీ పోదు.

ఇవన్నీ పాసైనా రేంజ్‌లో కాల్చి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. మీరు రోజూ వాడే రౌండ్లతో, వాళ్లు ఇచ్చే ప్రతి మ్యాగజైన్‌తోనూ కాల్చండి. కస్టమ్ పిస్టళ్లలో ఒక పేచీ ఉంది, ఓనర్ తన రౌండ్‌కి తగ్గట్టు స్ప్రింగులు ట్యూన్ చేసుకుని ఉంటాడు, అతని చేతిలో పాటలా నడిచింది మీ దగ్గరికి వచ్చాక ప్రతి మ్యాగజైన్‌కీ ఒకసారి ఇరుక్కుంటుంది. 2011 అయితే మ్యాగజైన్ల దగ్గర ఇంకా జాగ్రత్త, వాటి ఖరీదు ఎక్కువ, మూతులు వంగి ఉంటే ఫీడింగ్ మొత్తం పాడు.

ప్రశ్న: ట్రిగ్గర్ పాలిష్ ఇంట్లోనే చేసుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. ఒక రాయి, కొంచెం ఓపిక ఉంటే చాలంట. నిజమేనా?

జవాబు: కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. హామర్, దాన్ని ఆపి పట్టుకునే సియర్ కలిసే అంచు చాలా చిన్నది, పైన గట్టిపడిన పొర పల్చగా ఉండొచ్చు, అది అరిగిపోతే కొన్నాళ్లు ట్రిగ్గర్ అద్భుతంగా అనిపించి ఆ తర్వాత ఒక రోజు ఒక నొక్కుకి రెండు రౌండ్లు పేలతాయి. మ్యాచ్‌లో అలా జరిగితే ఆ పిస్టల్‌తో మీ పోటీ అక్కడితో ఆగుతుంది, అదీ ఎవరికీ ఏమీ కాకపోతే. రాయి పట్టొద్దు. డివిజన్ ఒప్పుకుంటే పేరున్న కంపెనీ రెడీ ట్రిగ్గర్ కిట్ లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌తో వేయించుకోండి. దానికన్నా ముందు ఖాళీ పిస్టల్‌తో, రౌండ్లు ఆ గదిలోనే లేకుండా, రోజూ కాసేపు డ్రై ఫైర్ చేయండి, గరుకుగా ఉందనుకున్న ట్రిగ్గర్‌లో సగం గరుకు మన వేలిదే అని తెలుస్తుంది.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడుతోంది. కోచ్ గారు కస్టమ్ గ్రిప్ అంటున్నారు, ఇంకొకరు పిస్టలే మార్చేయమంటున్నారు. రెండూ కొనే స్థోమత లేదు. ఏది ముందు?

జవాబు: గ్రిప్పేనమ్మా, ఆలోచించే పని లేదు. ఇప్పుడున్నది మ్యాచ్ గ్రేడ్ పాత మోడల్ అయినా సరే, చేతికి సరిపోయే గ్రిప్ ఉంటే స్కోర్ దానంతటదే కదులుతుంది, సరిపోని గ్రిప్‌తో ఎంత ఖరీదైన పిస్టల్ అయినా ప్రతి షాట్‌కీ కొత్తగా పట్టుకున్నట్టే ఉంటుంది. మొదట అమ్మాయి చేతి సైజు గ్రిప్ తీసుకుని, ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ వుడ్ పుట్టీ పెట్టి, ఎక్కడ నొక్కుకుంటుందో అక్కడ గీకి సరిచేసుకోవడం చాలామంది పెద్ద షూటర్లు చేసే పనే, ఖర్చు కూడా తక్కువ. ఇది కోచ్ గారి కళ్లముందు చేయించండి, కొంచెం కొంచెంగా, నాలుగు రోజులు కాల్చి చూసుకుంటూ. మణికట్టుకి ఆసరా ఇచ్చేలా మాత్రం పెంచొద్దు, ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ఒప్పుకోదు. పిస్టల్ అంతా కలిపి 1500 గ్రాములు దాటకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఎత్తాలి. పిల్లల చేతులు పెరుగుతాయి కాబట్టి ఇప్పుడే కొలత ఇచ్చి ఖరీదైన గ్రిప్ చెక్కించకండి.

తర్వాతెప్పుడైనా సెకండ్ హ్యాండ్ పిస్టల్ చూస్తే ఎయిర్ సిలిండర్ మీద తేదీ చదవండి. సిలిండర్ల గడువు 10 ఏళ్లు, అది దాటినవి పోటీల్లో ఆపేస్తారు. సిలిండర్ కొత్తది కొనాల్సి వస్తే ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి, అది న్యాయమైన బేరమే.

ప్రశ్న: నా దగ్గర 1911 ఒకటి ఆల్రెడీ ఉంది, లైసెన్స్ కాగితాలు అన్నీ ఉన్నాయి, బ్యారెల్ అరిగిపోయింది. మీరు బిల్డ్ వద్దు వద్దు అంటున్నారు, నేనూ మానేయాలా?

జవాబు: మీకు వద్దనను. బిల్డ్ గిట్టుబాటయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే. ఫ్రేమ్, స్లైడ్ చేతిలో ఉన్నాయి, బ్యారెల్ ఎలాగూ మార్చాలి, ఎలాంటి పిస్టల్ కావాలో వాడి వాడి మీకు తెలుసు. కాకపోతే అన్నీ ఒక్కసారి మొదలెట్టొద్దు. ముందు మంచి బ్యారెల్, బుషింగ్ ఫిట్ చేయించి సీజన్ అంతా ఆడండి. మేజర్ (ఎక్కువ పవర్ రౌండ్లు) కావాలా మైనర్ కావాలా అన్నది బ్యారెల్ ఆర్డర్ ఇవ్వకముందే తేల్చుకోండి, 1911 తరహా పిస్టళ్లు ఆడే క్లాసిక్ డివిజన్‌లో మేజర్‌కి పవర్ ఫ్యాక్టర్ 170, మైనర్‌కి 125 రావాలి. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో (బుల్లెట్లు తూచే కొలత), వేగం సెకనుకి అడుగుల్లో తీసుకుని రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే అదే పవర్ ఫ్యాక్టర్, ఉదాహరణకి 124 గ్రెయిన్ల బుల్లెట్ 1,060 అడుగుల వేగంతో వెళితే 131 పైచిలుకు, మైనర్ దాటేసినట్టే. మేజర్‌కి సి జోన్‌లో 3 బదులు 4 వస్తాయి, బదులుగా రికాయిల్ (వెనక్కి తన్నడం) ఎక్కువ, రౌండ్ల ఖర్చూ ఎక్కువ, బుల్లెట్ కనీసం 10 ఎంఎం వ్యాసం ఉండాలి కాబట్టి 9 ఎంఎం బ్యారెల్‌తో అక్కడ మేజర్ కుదరదు. గన్‌స్మిత్‌ని పార్ట్ పార్ట్‌కీ వేరే రేటు కాకుండా మొత్తం పనికి ఒకే రేటు రాసి ఇవ్వమనండి, ఇన్ని రౌండ్లు ఆగకుండా నడిచాకే చివరి డబ్బు అని కూడా అందులోనే రాయించుకోండి. పని మీద నమ్మకం ఉన్నవాళ్లు దానికి ఒప్పుకుంటారు.